ఇటాలియన్ క్రియల్లో ఏ కాలం ఎప్పుడు వాడాలి? తెలుగు వాళ్ళకు ఒక పోలిక, కొంత సలహా

ఇటాలియన్ వ్యాకరణం క్రియను ఏడు రకాలుగా విడదీస్తుంది: ఇందికతీవో (ఉన్నదున్నట్టు చెప్పేది), కొన్‌జుంతీవో (అనుకున్నది, కోరుకున్నది చెప్పేది), కొందిత్సియొనాలే (షరతుకు, మర్యాదకు), ఇంపెరతీవో (ఆజ్ఞ), ఇన్ఫినీతో (మూలరూపం), పర్తిచీపియో (‘మంజాతో’ లాంటివి), జెరూందియో (‘స్తుదియాందో’ లాంటివి). వీటిలో ఉండే కాలాలన్నీ కూడితే 21. ఒక్క ఇందికతీవోలోనే 8 ఉన్నాయి. పుస్తకం చివర పేజీల కొద్దీ ఉండే ఆ పట్టికలు చూసి మొదట్లోనే టెన్షన్ పడేవాళ్ళు చాలామంది.

పట్టికలు కొంత కాలం గడిస్తే నోటికి వస్తాయి. అసలు తడబాటు ఆ తర్వాత మొదలవుతుంది. జరిగిపోయిన ఒక విషయం చెప్పాలి, ఎదురుగా రెండు మూడు రూపాలు ఉన్నాయి, ఏది తీసుకోవాలి? మనలో ఎక్కువమంది ఇటాలియన్‌ను ఇంగ్లీషు యాప్‌లతో, ఇంగ్లీషు వీడియోలతో నేర్చుకుంటాం కాబట్టి, ఆ క్షణంలో మనసులో ముందు ఇంగ్లీషు వాక్యం కట్టి దాన్ని ఇటాలియన్‌లోకి మారుస్తాం. ఆ అలవాటు మానుకోమని నా గట్టి సలహా. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టే చోట తెలుగు రెండు వేర్వేరు రూపాలు వాడుతుంది, ఇటాలియన్ కూడా చాలాసార్లు అక్కడే రెండుగా చీలుతుంది. అలాంటి చోట్ల తెలుగు వాక్యం నుంచి నేరుగా వెళ్ళడమే సులువు. తెలుగు సాయం చేయని చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ చెప్తాను.

ముందు ఏవి, తర్వాత ఏవి

చదువు కోసం మిలాన్‌కో, తోరీనోకో, బొలోఞ్ఞాకో వెళ్ళేవాళ్ళకు క్లాసు ఇంగ్లీషులో ఉన్నా ఇంటి ఓనరుతో, మందుల షాపులో, రెసిడెన్స్ పర్మిట్ కోసం వెళ్ళే క్వెస్తూరాలో (పోలీసు కార్యాలయంలో) ఇటాలియనే కావాలి. దీనికి ఐదు చాలు: ప్రెజెంతె (వర్తమానం), పస్సాతో ప్రోస్సిమో (జరిగి ముగిసిన పనికి), ఇంపెర్ఫెత్తో (గతంలో సాగుతూ ఉన్నదానికి), ఆజ్ఞలకు వాడే ఇంపెరతీవో, మర్యాదగా అడగడానికి ‘వొర్రేయ్’ లాంటి కొన్ని కొందిత్సియొనాలే రూపాలు. దీర్ఘకాల నివాస పర్మిట్‌కు అడిగే ఏ2 స్థాయి (యూరప్ భాషా స్థాయిల్లో కింది నుంచి రెండోది, దాని పైది బీ1) సుమారుగా ఇదే. పౌరసత్వానికి 2018లో వచ్చిన చట్టం తర్వాత బీ1 తప్పనిసరి అయింది. దానికి పైవాటితో పాటు ఫుతూరో (భవిష్యత్తు), కొందిత్సియొనాలే పూర్తిగా, త్రపస్సాతో ప్రోస్సిమో (గతంలో ఒకదానికంటే ముందే జరిగినదానికి), కొన్‌జుంతీవో ప్రెజెంతె కూడా పట్టు రావాలి. పరీక్ష సియెనా విదేశీయుల విశ్వవిద్యాలయం వాళ్ళ చిల్స్ అయినా, పెరూజా వాళ్ళ చెలి అయినా, దాంతె అలిగియేరి సంఘం వాళ్ళ ప్లీదా అయినా తయారీ ఇంచుమించు ఒకటే.

త్రపస్సాతో రెమోతో అనే కాలం మీద మాత్రం సమయం పెట్టకండి. పాత కథల్లో కనిపిస్తే గుర్తుపట్టగలిగితే చాలు.

‘తిన్నాను’, ‘తినేవాడిని’

జరిగినదాని గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా తేల్చుకోవాల్సింది పస్సాతో ప్రోస్సిమోనా, ఇంపెర్ఫెత్తోనా అన్నదే. ‘నిన్న పిజ్జా తిన్నాను’ అంటే ‘యేరి ఓ మంజాతో ఉనా పిత్సా’. ‘చిన్నప్పుడు రోజూ అన్నం తినేవాడిని’ అంటే ‘ద బంబీనో మంజావో రీజో ఓఞ్ఞి జోర్నో’. తెలుగులో ‘-ఆను’తో ముగిసిన పూర్తయిన పనికి పస్సాతో ప్రోస్సిమో, ‘-ఏవాడిని, -ఏదాన్ని, -ఏవాళ్ళం’ వచ్చే చోట ఇంపెర్ఫెత్తో. ‘ఆమె ఫోన్ చేసేసరికి నేను వంట చేస్తున్నాను’ అన్నప్పుడు ఫోన్ చేయడం ‘ఆ తెలెఫొనాతో’, వెనకాల సాగుతున్న వంట ‘కుచినావో’.

ఇంతవరకూ ఏ పుస్తకమైనా చెప్తుంది. తెలుగు వాళ్ళకు అంతకంటే పనికొచ్చే గుర్తు ఇంకోటి ఉంది. క్రియే లేని తెలుగు వాక్యాలు, కాలం మారినా రూపం మారని మాటలు గతానికి వెళ్తే దాదాపు ఎప్పుడూ ఇంపెర్ఫెత్తోయే. ‘అప్పుడు నాకు పదేళ్ళు’ అనే వాక్యంలో క్రియ లేదు: ‘అవేవో ద్యేచి అన్ని’. ‘అప్పటికి టైం ఎనిమిది’: ‘ఎరానో లె ఒత్తో’. తెలుసు, కావాలి, ఇష్టం, భయం, ఆకలి లాంటి మాటలూ అంతే. ‘నాకు అప్పటికే తెలుసు’ అన్నప్పుడు ‘లో సపేవో జా’.

అదే ‘నాకు నిన్ననే తెలిసింది’ అంటే ‘లో సపూతో యేరి’. సపేరె ఒకే క్రియ, కానీ ఇంపెర్ఫెత్తోలో ‘తెలుసు’ అవుతుంది, పస్సాతో ప్రోస్సిమోలో ‘తెలిసింది’ అవుతుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్ళు దీన్ని ఒక ప్రత్యేక నియమంగా బట్టీ పట్టాలి. మనకు ఆ తేడా పుట్టుకతోనే ఉంది. కొనోషెరె కూడా ఇలాంటిదే: ‘అతను నాకు ముందే తెలుసు’ అంటే ‘లో కొనొషేవో జా’, ‘అతను నాకు బొలోఞ్ఞాలో పరిచయమయ్యాడు’ అంటే ‘లో కొనొషూతో అ బొలోఞ్ఞా’. ‘నచ్చేది’ అంటే ‘మి పియచేవా’, ‘నచ్చింది’ అంటే ‘మి ఎ పియచూతో’.

దొవేరె (‘-ఆల్సి’ అనే అర్థమిచ్చే క్రియ) విషయంలో తెలుగు చేసే మేలు ఇంకా పెద్దది. ‘క్వెస్తూరాకు వెళ్ళాల్సి వచ్చింది’ అంటే వెళ్ళానన్నట్టే, ‘సోనో దొవూతో అందారె ఇన్ క్వెస్తూరా’. ‘వెళ్ళాల్సి ఉండింది’ అంటే వెళ్ళానో లేదో ఇంకా చెప్పలేదు, ‘దొవేవో అందారె’. ఈ రెండూ కలిపేస్తే అవతలివాళ్ళకు అర్థం మారిపోతుంది. వెళ్ళిన పనికి ‘దొవేవో’ అంటే ‘మరి వెళ్ళలేదా?’ అని అడుగుతారు.

ఒక తప్పుడు సూత్రం బాగా ప్రచారంలో ఉంది: ఎక్కువ కాలం సాగిన పనికి ఇంపెర్ఫెత్తో అని. అది నమ్మకండి. ‘మూడేళ్ళు రోమ్‌లో ఉన్నాను, తర్వాత తిరిగొచ్చాను’ అన్నప్పుడు ‘మూడేళ్ళు ఉండేవాడిని’ అని తెలుగులో కూడా అనం. ఆ మూడేళ్ళూ మొదలై ముగిసిపోయాయి కాబట్టి ‘ఓ విస్సూతో అ రోమా త్రే అన్ని’. పని ఎంతసేపు సాగిందన్నది లెక్కలోకి రాదు, దాన్ని ముగిసినదిగా చూస్తున్నామా, సాగుతున్నదిగా చూస్తున్నామా అన్నదే లెక్క.

అవేరెనా, ఎస్సెరెనా

పస్సాతో ప్రోస్సిమో అని తేల్చుకున్నాక సహాయక క్రియ ఎంచుకోవాలి: అవేరె (కలిగి ఉండడం, ‘ఓ, ఆ’ దాని రూపాలు) లేదా ఎస్సెరె (ఉండడం, ‘సోనో, ఎ’ దాని రూపాలు). కర్మ తీసుకునే క్రియలకు అవేరె. వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడం, ఉండిపోవడం, అవ్వడం లాంటి వాటికి, ‘సి’తో (తనను తాను అనే అర్థంలో) వచ్చే క్రియలన్నిటికీ ఎస్సెరె. కదలిక అయినంత మాత్రాన ఎస్సెరె అనుకోవద్దు: నడవడం, ఈదడం, ప్రయాణించడం అవేరెతోనే వస్తాయి, ‘ఓ కమ్మినాతో, ఓ నువొతాతో, ఓ వియజ్జాతో’. పరుగు మాత్రం రెండు వైపులా ఉంటుంది. ఊరికే పరుగెత్తితే ‘ఓ కోర్సో’, ఇంటికి పరుగెత్తితే ‘సోనో కోర్సో అ కాజా’.

రెండింటితోనూ వచ్చే క్రియలను తెలుగు జంటలతో పట్టుకోవచ్చు. సినిమా ముగిసింది, నేను పని ముగించాను: ‘ఇల్ ఫిల్మ్ ఎ ఫినీతో’, ‘ఓ ఫినీతో ఇల్ లవోరో’. క్లాసు మొదలైంది, నేను చదువు మొదలుపెట్టాను: ‘లా లెత్సియోనె ఎ కొమిన్చాతా’, ‘ఓ కొమిన్చాతో అ స్తుదియారె’. ఊరు మారింది, ఇల్లు మార్చాను: ‘లా చిత్తా ఎ కంబియాతా’, ‘ఓ కంబియాతో కాజా’. తనంతట తాను జరిగినదానికి మనం వాడే క్రియ వస్తే ఎస్సెరె, చేయించే క్రియ వస్తే అవేరె. ఇలాంటి జంట ఉన్న చోటే ఈ గుర్తు పనిచేస్తుంది. నవ్వాను, నిద్రపోయాను లాంటివాటికి దీన్ని వాడితే తప్పు వస్తుంది, అవి ‘ఓ రీజో, ఓ దొర్మీతో’.

ఎస్సెరెతో వచ్చే రూపానికి లింగం, వచనం కలవాలి. అతను వచ్చాడు, ‘ఎ అర్రివాతో’. ఆమె వచ్చింది, ‘ఎ అర్రివాతా’. క్రియ చివర లింగం చూపించడం మనకు కొత్త కాదు. కానీ మూడు చోట్ల తెలుగు అలవాటు దెబ్బ తీస్తుంది. మొదటిది, ‘నేను వచ్చాను’ అన్నప్పుడు మనకు ఆడా మగా తేడా లేదు. ఇటాలియన్‌లో ఆడవాళ్ళు ‘సోనో అర్రివాతా’ అనాలి, మగవాళ్ళు ‘అర్రివాతో’ అనాలి. రెండోది, ‘వాళ్ళు వచ్చారు’లో కూడా మనకు తేడా లేదు. ఇటాలియన్‌లో అందరూ ఆడవాళ్ళయితే ‘అర్రివాతె’, ఒక్క మగవాడు ఉన్నా ‘అర్రివాతి’. మూడోది, బస్సు వచ్చింది, రైలు వచ్చింది అని వస్తువులకూ మనం స్త్రీలకు వాడే రూపమే వాడతాం. ఇటాలియన్‌లో బస్సూ రైలూ రెండూ పుంలింగాలు, ‘ఇల్ త్రేనో ఎ అర్రివాతో’.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక పోలిక ఉంది. తెలుగులో ‘వెళ్ళాను’కు లింగం లేదు, ‘వెళ్ళేవాడిని, వెళ్ళేదాన్ని’కి ఉంది. ఇటాలియన్‌లో సరిగ్గా తలకిందులు: ‘సోనో అందాతో, సోనో అందాతా’ అని ప్రోస్సిమోలో లింగం ఉంటుంది, ఇంపెర్ఫెత్తోలో ఎవరైనా ‘అందావో’ అనే అంటారు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే చాలా తప్పులు తగ్గుతాయి.

అవేరెతో ఈ గొడవ లేదు, ముందు ‘దాన్ని, వాటిని’ అనే అర్థమిచ్చే ‘లో, లా, లి, లె’ వస్తే తప్ప. ‘తాళాలా? పోగొట్టాను’ అనాలంటే ‘లె కియావి? లె ఓ పేర్సె’.

పస్సాతో రెమోతో నేర్చుకోవాలా?

పస్సాతో రెమోతో ముగిసిన గతానికి ఇంకో రూపం. నేర్చుకోవాలా అన్నది మీరు ఎక్కడ ఉంటారు, ఏం చదువుతారు అన్నదాని మీద ఆధారపడుతుంది. ఉత్తరాన మిలాన్, తోరీనోల్లో మాటల్లో దాదాపు వినిపించదు, చిన్నప్పటి సంగతికైనా పస్సాతో ప్రోస్సిమోయే వాడతారు. మధ్య ఇటలీలోని తొస్కానాలో రెండూ బతికే ఉన్నాయి. దక్షిణాన సిసిలీలో, కలాబ్రియాలో మాత్రం ఇప్పుడే జరిగినదానికి కూడా రెమోతో వినిపిస్తుంది. చరిత్ర, జీవిత చరిత్రలు, నవలలు ఎక్కువగా దీనిలోనే నడుస్తాయి: ‘దాంతె నాక్వె అ ఫిరెన్సె నెల్ 1265’, ‘గారిబాల్ది స్బర్కో అ మర్సాలా నెల్ 1860’.

ఉత్తరాన ఉంటూ బీ1 కోసం చదివేవాళ్ళు దీన్ని చదివి అర్థం చేసుకునేంత నేర్చుకుంటే చాలు. దక్షిణాన ఉంటే, సాహిత్యం చదవాలనుకుంటే పూర్తిగా నేర్చుకోండి. పట్టిక కనిపించేంత భయంకరం కాదు. నియమం తప్పే క్రియలు ఎక్కువగా మూడు చోట్లే తప్పుతాయి: నేను, అతను లేదా ఆమె, వాళ్ళు. ప్రెందెరెకు (తీసుకోవడం) ‘ప్రేసి, ప్రేసె, ప్రేసెరో’. మిగతా మూడూ మామూలుగానే ‘ప్రెందెస్తి, ప్రెందెమ్మో, ప్రెందెస్తె’.

ఇప్పుడు జరిగేది, రేపు జరగబోయేది

తెలుగులో ‘-తున్నాను’ చాలా విస్తారంగా వాడతాం. ‘మిలాన్‌లో చదువుతున్నాను’ అంటే ఈ క్షణంలో పుస్తకం పట్టుకున్నానని కాదు. ఇటాలియన్‌లో దానికి ‘స్తూదియో అ మిలానో’ అనే ప్రెజెంతెయే సరి. ‘స్తో స్తుదియాందో’ అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో అని. ప్రతి ‘-తున్నాను’కీ ‘స్తో’ పెట్టడం తెలుగు వాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. మరో చోట తెలుగు సాయం చేస్తుంది: ‘మూడేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను’ అన్నప్పుడు మనం వర్తమానమే వాడతాం, ఇటాలియన్ కూడా అంతే, ‘వీవో క్వీ ద త్రే అన్ని’. ఇంగ్లీషు మీదుగా వెళ్తే అనవసరంగా పస్సాతో ప్రోస్సిమోలో పడతారు.

రేపు వెళ్తున్నాను అనడానికి ‘దొమాని పార్తో’ చాలు, తేదీ చెప్తుంటే ఫుతూరో అక్కర్లేదు. ఫుతూరోను నేను ఎక్కువగా మెచ్చేది ఇంకో పనికి. ‘ఈ టైంలో ఇంట్లో ఉంటాడు’ అని మనం ఊహించి చెప్పినట్టే వాళ్ళూ ‘సరా అ కాజా’ అంటారు. ‘ఈపాటికి వచ్చి ఉంటాడు’ అంటే ‘సరా జా అర్రివాతో’. ఈ ఫుతూరో అంతెరియోరెను పుస్తకాలు భవిష్యత్తులో ముగియబోయే పనికి అని పరిచయం చేస్తాయి, మాటల్లో మాత్రం మన ‘వచ్చి ఉంటాడు’ అర్థంలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

కొన్‌జుంతీవో: తెలుగు తోడు రాని చోటు

‘అతను ఇంట్లో ఉన్నాడని తెలుసు’, ‘అతను ఇంట్లో ఉన్నాడని అనుకుంటున్నాను’. రెండింటిలోనూ మనకు ‘ఉన్నాడని’ మారదు. ఇటాలియన్‌లో మారుతుంది: ‘సో కె ఎ అ కాజా’, కానీ ‘పెన్సో కె సీయా అ కాజా’. దీన్ని తెలుగు నుంచి పట్టుకోలేం. ముందున్న మాటను గమనించడమే దారి. పెన్సో కె (అనుకుంటున్నాను), క్రేదో కె (నమ్ముతున్నాను), స్పేరో కె (ఆశిస్తున్నాను), వోల్యో కె (కావాలి), ఎ ఇంపొర్తాంతె కె (ముఖ్యం), బెంకె, ప్రీమా కె (ముందే), అఫ్ఫింకె (కోసం) వస్తే కొన్‌జుంతీవో. సో కె (తెలుసు), ఎ వేరో కె (నిజమే), సెకొందో మె (నా ఉద్దేశంలో), ఫోర్సె (బహుశా), అంకె సె వస్తే ఇందికతీవో. బెంకె, అంకె సె రెండూ ‘అయినా’ అనే అర్థమే ఇస్తాయి, కానీ చెరో పక్క నిలుస్తాయి. రూపం మీద ఇంకా నమ్మకం కుదరనప్పుడు ‘పెన్సో కె’ బదులు ‘సెకొందో మె’ అనండి. అర్థం పోదు, తప్పూ రాదు.

అనుకునేవాడూ చేసేవాడూ ఒకరే అయితే కొన్‌జుంతీవో వద్దు. ‘రేపు బయల్దేరాలనుకుంటున్నాను’ అంటే ‘పెన్సో ది పర్తీరె దొమాని’.

ఇటాలియన్లే మాటల్లో ‘పెన్సో కె ఎ’ అంటుంటే మనకెందుకీ కష్టం అనేవాళ్ళున్నారు. కబుర్లలో అది చెల్లుతుంది. కానీ పరీక్షలో, ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలో, ఆఫీసు మెయిల్‌లో దాన్ని తప్పుగానే చూస్తారు. పైగా కొన్‌జుంతీవో ఇంకో చోట కూడా కావాలి, అది కొత్తగా వెళ్ళిన రోజు నుంచే కావాలి. పెద్దవాళ్ళతో, పరిచయం లేనివాళ్ళతో మనం మీరు అంటాం, అక్కడ ‘లేయ్’ అంటారు. ఆ ‘లేయ్’తో ఆజ్ఞ రూపం అంటే కొన్‌జుంతీవోయే. స్నేహితుడికి ‘సెంతి’ (విను), ‘స్కూజా’ (క్షమించు), ‘ప్రెంది’ (తీసుకో). క్వెస్తూరాలో ఆఫీసరుకు ‘సెంతా’, ‘స్కూజి’, ‘ప్రెందా’. చివరి అచ్చులు అటూ ఇటూ మారిపోవడం చూడండి. మన మీరు బహువచనం కాబట్టి ‘వోయ్’ అనాలనిపిస్తుంది. దక్షిణాదిలో కొందరు ఇప్పటికీ గౌరవంగా వోయ్ అంటారు, 1938లో ఫాసిస్టు ప్రభుత్వం ‘లేయ్’ని తీసేసి దీన్ని రుద్దాలని చూసింది కూడా. కొత్తవాళ్ళకు మాత్రం ఎక్కడైనా ‘లేయ్’ క్షేమం. వద్దని చెప్పేటప్పుడు నువ్వు అనే చోట ‘నోన్ పర్లారె’ అని మూలరూపం వస్తుంది, లేయ్‌తో ‘నోన్ పార్లి’.

కొందిత్సియొనాలే, ‘సె’ వాక్యాలు

కాఫీ అడిగేటప్పుడు ‘వోల్యో’ (నాకు కావాలి) కంటే ‘వొర్రేయ్’ మేలు. ఇది అందరికీ తెలిసిందే. రూపాల్లో జాగ్రత్త పడాల్సింది ఒకటే: ‘పర్లెరేమో’ అంటే మాట్లాడతాం, ‘పర్లెరెమ్మో’ అంటే మాట్లాడేవాళ్ళం అన్నట్టు. ఒత్తు ఒక్కటే తేడా. ఒత్తులు పలకడం, వినడం మనకు అలవాటే కాబట్టి ఇక్కడ మనకే మొగ్గు. నోట్సులో ఇలాంటివి తెలుగు లిపిలో రాసుకోండి, ఒత్తు కళ్ళకు కనిపిస్తుంది.

‘సె’ అంటే ‘అయితే, ఉంటే’ అనే షరతు. ఆ వాక్యాలకు వస్తే, ‘టైం ఉంటే వస్తాను’ అని తెలుగులో ఒకే వాక్యంతో రెండు సంగతులు చెప్తాం. నిజంగా వచ్చే అవకాశం ఉంటే ‘సె ఓ తెంపో, వేంగో’. అవకాశం తక్కువైతే ‘సె అవెస్సి తెంపో, వెర్రేయ్’. ఏది చెప్పాలనుకుంటున్నారో ముందే తేల్చుకోవాలి, మన వాక్యం ఆ పని చేసిపెట్టదు. జరగకుండా పోయినదానికి మాత్రం దారి స్పష్టం: ‘టైం ఉండి ఉంటే వచ్చేవాడిని’ అంటే ‘సె అవెస్సి అవూతో తెంపో, సరేయ్ వెనూతో’. ‘సె’ వెంటనే ‘అవ్రేయ్’ (అవేరె కొందిత్సియొనాలే రూపం) ఎప్పుడూ రాకూడదు. ఇటలీలో పిల్లలకు బడిలో ముందుగా దిద్దే తప్పుల్లో ఇది ఒకటి.

ఇళ్ళల్లో ఇంకో రూపం వింటారు: ‘సె లో సపేవో, వెనీవో’. రెండు చోట్లా ఇంపెర్ఫెత్తోయే. ‘తెలిస్తే వచ్చేవాడిని’ అని మనమూ పాత అలవాటుకు వాడే ‘వచ్చేవాడిని’నే ఇక్కడ వాడతాం కదా, అందుకే ఇది నోటికి ఇట్టే పడుతుంది. మాట్లాడండి, రాయకండి.

‘వస్తానన్నాడు’ అని చెప్పేటప్పుడు ‘ఆ దెత్తో కె సరెబ్బె వెనూతో’ అనాలి. ఇంగ్లీషు అలవాటుతో చాలామంది ‘వెర్రెబ్బె’ అంటారు, అది కుదరదు. గతంలో నిలబడి చూసిన భవిష్యత్తుకు ఎప్పుడూ కొందిత్సియొనాలే పస్సాతోయే.

ఇదే రూపం పేపర్లలో వేరే అర్థంతో కనిపిస్తుంది. ‘ఇల్ మినిస్త్రో సి సరెబ్బె దిమెస్సో’ అని చదివి, మంత్రి రాజీనామా చేసి ఉండేవాడని అనుకుంటే వార్త తలకిందులవుతుంది. అది మన ‘రాజీనామా చేశాడట’. రాసేవాడు తాను విన్నదే చెప్తున్నాడు, పూచీ పడటం లేదు. ‘కొరియెరె దెల్లా సేరా’ తెరిచి ‘సరెబ్బె’, ‘అవ్రెబ్బె’ ఉన్న వార్తలు వెతికి, ప్రతి చోటా ‘-అట’ పెట్టి చదివి చూడండి. మామూలు మాటల్లో అదే కబురు చెప్పాలంటే ‘దీకొనో కె సి ఎ దిమెస్సో’ అనండి. కాస్త పద్ధతిగా కావాలంటే ‘పారె కె సి సీయా దిమెస్సో’ అనండి, ‘పారె కె’ వచ్చింది కాబట్టి అక్కడ కొన్‌జుంతీవో.